నీడ నడుమ వెలుగుచుక్క

అడ్డు అంచు దగ్గర వెలుతురు పక్కకు వంగడాన్ని వివర్తనం అంటారు. బొలోన్యాకు చెందిన గ్రిమాల్డి దీన్ని గమనించి పేరు పెట్టాడు. దీన్ని వివరించిన ఆయన పుస్తకం ఆయన పోయాక 1665లో అచ్చయింది. అయితే కాంతి అంటే కణాలేనన్న న్యూటన్ పక్షానిదే ఆ తర్వాత చాలాకాలం పైచేయి. వెలుగుకు వెలుగు తోడై చీకటి పుట్టగలదని, అంటే వ్యతికరణాన్ని, 1801 తర్వాత లండన్‌లో థామస్ యంగ్ వివరించినా నమ్మినవాళ్లు తక్కువే.

ఫ్రాన్సులో ఫ్రెనెల్ రోడ్ల ఇంజనీరు. 1815లో నెపోలియన్ ప్రవాసం నుంచి తిరిగిరాగానే రాజు పక్షం వహించి కొలువు పోగొట్టుకున్నాడు. సైన్స్‌కు అది కలిసొచ్చిందనే చెప్పాలి. ఆ తీరికలో తల్లి ఇంట్లో, కటకం బదులు తేనెబొట్టు వాడి, నీడల అంచున చారలు కొలిచాడు.

1818లో పారిస్ అకాడమీ పోటీకి ఆయన పంపిన, కాంతి తరంగమనే సిద్ధాంతాన్ని పరీక్షకుడు పాయిసన్ తప్పుపట్టాడు: ఇదే నిజమైతే గుండ్రని బిళ్ల నీడకు సరిగ్గా మధ్యలో వెలుగుచుక్క కనబడాలి, అది అసంభవం కదా! తోటి పరీక్షకుడు అరాగో వాదనకు దిగలేదు. 2 మిల్లీమీటర్ల లోహపు బిళ్లను గాజుపలకకు మైనంతో అతికించి చూశాడు. చుక్క కనబడింది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే దక్కింది. విచిత్రమేమిటంటే, దాదాపు శతాబ్దం ముందే మరాల్డి అనే శాస్త్రవేత్త ఆ చుక్కను చూశాడు, ఎవరూ పట్టించుకోలేదు.