చవితి కుడుములు

ఇప్పుడు అద్దాల బిల్డింగులు నిలవడ్డ కాడ అప్పుడు రాళ్ళ గుట్టలే ఉండె బిడ్డా. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అంటే పట్నం గాదు, పల్లెలు. గుట్టల నడుమ దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగే నీళ్ళు గా చెరువు నుంచే పోయినయట. మెరక మీద జొన్నలు, కందులు. వరి అంటే చెరువు కింద, బాయి కింద ఇంత. దినాం జొన్నరొట్టె, గట్క. బియ్యం వండేది పండుగకో, సుట్టాలొస్తెనో. గది తెలిస్తేనే నీకు కుడుము సంగతి సమజైతది.

వినాయక చవితి భాద్రపదంల వస్తది. నాట్లయిపోయి కలుపు తీస్తుంటరు, కొత్త వడ్లు ఇంకా ఇల్లు చేరయి. మిగిలిన పాత బియ్యమే మా అమ్మ పండుగకని దాసిపెడుతుండె. నానవోసి, నీళ్ళు వంపి, పాత చీర మీద ఆరవోస్తుండె. మరీ ఎండనియ్యద్దు, పట్టుకుంటే చేతికి చెమ్మ తగలాలె. రోట్ల వోసి ఇద్దరాడోళ్ళు ఎదురెదురుగ నిలవడి దంచుడు. జల్లెడ పట్టి, మిగిలిన నూకను మళ్ళ దంచుడు.

ఎసరు మరిగినంక ఉప్పు, జీలకర్ర, నానిన శనగపప్పు ఏసి, పిండి వోసుకుంట తెడ్డుతోని గెలుకుతుండె. వేడి మీదనే చేతికి నీళ్ళద్దుకుంట ముద్దలు చెయ్యాలె, సల్లారితే పగులుతయి. కుండల ఇన్ని నీళ్ళు, పైన మందంగ వరిగడ్డి, గడ్డి మీద కుడుములు. మూత తీస్తే గడ్డి వాసన ఆవిరితోని మొఖానికి కొడుతుండె. కుడుము అడుగున గడ్డిపోసల గీతలు పడుతుండె. ఇడ్లీ పాత్రల గా వాసన రానే రాదు. నాకు గా బాధ ఇప్పటికీ ఉన్నది.

దేవునికి 21 ఉండ్రాళ్ళు వేరే. దేవుణ్ణి గూడ కొనకపోతుంటిమి, చెరువు మట్టితోనే మా నాయిన చేస్తుండె. పత్రి కోసం పోరలమంత గుట్టలెంబడి తిరుగుడు: ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రేగు, జమ్మి. మట్టి, ఆకు, బియ్యం, గడ్డి, అన్నీ నడిచిపోయేంత దూరంలనే దొరుకుతుండె. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌ల సైబర్ టవర్స్ మొదలువెట్టిండు. అటెన్క గుట్టలు పగలగొట్టుడే పని. కొలువులు వచ్చినయి, నీ కొలువు గూడ గట్లనే వచ్చింది, నేను కాదన. కానీ గుట్ట పోతే దాని మీది ఉత్తరేణి గూడ పోయింది. ఇప్పుడు పత్రి సంచిల కట్టి అమ్ముతున్నరు.

నువ్వు చెప్పినవు గదా, జపాన్‌ల గూడ బియ్యం పిండి ఉండలు చేస్తరని. దాంగో అంటరట. ఎనిమిదో నెల పున్నమి నాడు ఉండలు పేర్చి, పక్కన రెల్లు లెక్కటి గడ్డి నిలవెట్టి, చంద్రుణ్ణి చూసుకుంట కూసుంటరట. పల్లెల్ల పోరలు కట్టెతోని గుచ్చి గా ఉండలు దొంగతనం చేస్తే ఇంటోళ్ళు శుభమని సంబురపడుతుండిరట. నాకు మస్తు నచ్చింది గీ ముచ్చట. మనకేమో చవితి నాడు చంద్రుణ్ణి చూడొద్దు, చూస్తే నీలాపనిందలు. పొరపాటున చూస్తే పక్కింటి మీద రాళ్ళేసి తిట్లు తింటే నింద పోతదనేటోళ్ళు. మేము చూడకున్నా చూసినమని రాళ్ళేస్తుంటిమి! మా వాడకట్టుల ఒక అవ్వ ఉండె. పెంకుల మీద రాయి పడంగనే బయటికొచ్చి నోటికొచ్చినట్టు తిడుతుండె. తెల్లారి మమ్ములనే పిలిచి, మిగిలిన కుడుములు ముక్కలు కోసి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయ పోపేసి, తలా ఇంత మోదుగాకుల పెడుతుండె.