కాలువ, పడవ, గాజుతీగ

కృష్ణా డెల్టా చరిత్రను ఒక్క ప్రశ్నగా కుదించవచ్చునని నాకనిపిస్తుంది. పెద్ద కాలువలోని నీరు చిట్టచివరి మడికి ఎట్లా చేరాలి? కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852–55 నడుమ బెజవాడ వద్ద ఆనకట్ట లేచింది. నది కాలువల్లోకి మళ్ళింది. అయినా శివారు భూముల రైతు వెత ఇక్కడ అందరూ ఎరిగినదే. కాలువ తవ్వడం వేరు, మడి తడవడం వేరు.

విద్య సంగతీ అంతే. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్న దీక్ష అయ్యంకి వెంకటరమణయ్యగారిది. పట్టణాల్లో పుస్తక భాండాగారాలు వెలిశాయి. మరి కాలువగట్టు పల్లెల మాట ఏమిటి? 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం కేంద్రంగా పశ్చిమ డెల్టా కాలువలో పుస్తకాలను పడవ ఎక్కించారు. కొత్త బాట వేయనక్కరలేకపోయింది. నీటికోసం తవ్విన దారే అక్షరానికీ దారి అయింది.

ఇటీవలి చరిత్రలో ఆ ఉపాయమే మళ్ళీ కనబడింది. పంచాయతీలన్నింటికీ ఆప్టికల్ ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది. 2015లో ఆ పథకానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్ వారు నేలను తవ్వుతూ కూర్చోక, ఉన్న కరెంటు స్తంభాలమీదుగానే గాజుతీగ లాగారు. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ అంతర్జాలం ఇచ్చారు. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే అంతర్జాలం, టీవీ, ఫోను ఇస్తామన్నది నాటి ప్రకటన. స్తంభం నుండి ఇంటికి తీగ చేర్చే పని ఊరి కేబుల్ ఆపరేటరుది. నాటి పడవవాని స్థానం నేడు అతనిది.

ఇంటికి చేరితే చాలునా? 2020లో బడులు మూతబడినప్పుడు మా చుట్టుపక్కల నేను చూసినది ఇది. ఇంటికొక్కటే ఫోను, దానిని తండ్రి పనికి వెంట తీసుకొనిపోయేవాడు. ముగ్గురు పిల్లలు సాయంత్రం దాకా అతనికోసం ఎదురుచూసేవారు. ఊళ్ళో తీగ ఉంది, పాఠం మాత్రం వారికి అందలేదు.

గ్రంథాలయోద్యమంవారు ఈ చివరి అడుగును మరువలేదు. చదువురానివారికి పత్రిక చదివి వినిపించారు, రాత్రి బడులు నడిపారు. పుస్తకంతోపాటు ఒక మనిషినీ ఇచ్చారు.

1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం చెల్లిస్తూనే ఉన్నాము. శాఖా గ్రంథాలయాలూ ఉన్నాయి. ఆ గదికి గాజుతీగ, నాలుగు కంప్యూటర్లు, సాయంత్రం ఎనిమిదింటిదాకా కూర్చొని నేర్పే ఒక మనిషి కావాలి. పడవ మన రేవుదాకా వచ్చింది. అందులోని సరుకును దించి పిల్లల చేతికి ఇవ్వడమే మిగిలింది.