మొటిమకు మందు: మాత్ర నుంచి పైపూత దాకా



2001లో గనులు మూతపడినాక మన కోలారు గనుల పిల్లలు ఎంతోమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. ఇంటర్వ్యూలో ముఖం బాగుండాలని మందుల అంగడిలో ఏదో ఒక ట్యూబు అడిగి కొనుక్కుంటారు. ఆ ట్యూబుల చరిత్ర తెలిస్తే ఏది మందో, ఏది కాదో తెలుస్తుంది.

మొటిమ మురికి వల్ల రాదు. వెంట్రుక కుదురులో జిడ్డు, చచ్చిన చర్మకణాలు చేరి రంధ్రం మూసుకుంటుంది. లోపల బ్యాక్టీరియా పెరిగి వాచిపోతుంది.

1948లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. అక్కడ పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ కుటుంబం మాత్రలనే తరువాత మొటిమలకూ ఇచ్చినారు. కానీ ముఖం కోసం మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, కడుపులోని మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది.

అందుకే మందును మొటిమ ఉన్న చోటికే పంపే దారి వెతికినారు. 1969లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన తోటివాళ్లు విటమిన్ ఏ ఆమ్లం పూతతో మూసుకున్న రంధ్రం తెరుచుకుంటుందని చూపించినారు. 1971లో దానికి అనుమతి వచ్చింది. అదే ట్రెటినాయిన్. ఇదే క్లిగ్మన్ హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మం మీద ఏళ్లతరబడి ప్రయోగాలు చేసినాడు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. ఆ పూతను మెచ్చుకునేటప్పుడు వాళ్లను మరవకూడదు.

ట్రెటినాయిన్ చర్మాన్ని మండిస్తుంది. అంతకంటే మెత్తనిది అడపలీన్, 1996లో అమెరికాలో అనుమతి పొందింది. లెడర్లీలోనే పుట్టిన మినోసైక్లిన్ కూడా 2019లో నురుగుగా, పైపూతగా వచ్చింది. సుబ్బారావు గారి కాలంలో మొదలైన కుటుంబం అట్లా మాత్ర నుంచి ముఖం మీదికి చేరింది.

స్టెరాయిడ్ కలిపిన క్రీము దారి వేరు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గి ముఖం తెల్లబడినట్టు ఉంటుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, ఆ క్రీము వల్లే కొత్త మొటిమలు లేస్తాయి. అందుకే 2018లో మన ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది.

కాబట్టి ఇంట్లో ట్యూబు ఉంటే దాని మీది పేరు ఒకసారి చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లే. ఇప్పటికే చాలాకాలం పూస్తూ ఉంటే ఉన్నట్టుండి ఆపకుండా చర్మ డాక్టరును అడగండి. గర్భంతో ఉన్న ఆడపిల్లలు ట్రెటినాయిన్ కూడా వాడకూడదు. ఈ మాట మన పిల్లలకు చెప్పండి.