జావా అంటే ఏంటి? అమీర్‌పేట బోర్డుల మీద పేరు వెనుక అసలు కథ ఇదీ..

పంజాగుట్టలో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే అమీర్‌పేట. దిగి మైత్రీవనం వైపు నడిస్తే ఎటు చూసినా 'జావా', 'ఫుల్ స్టాక్ జావా' బోర్డులే. ఊరి నుంచి కొత్తగా వచ్చినవారికి ముందు రాగి జావ గుర్తొస్తుంది. కానీ మన జావకి, ఈ జావాకి సంబంధమే లేదు. మరి ఈ పేరు ఎక్కడిది?

దీవి నుంచి కాఫీకి..

జావా ఇండోనేషియాలోని ఒక దీవి. జకార్తా నగరం ఉన్నది ఇక్కడే. ప్రపంచంలో అత్యధిక జనాభా ఉన్న దీవి కూడా ఇదే. రామాయణంలో కనిపించే యవద్వీపం ఇదేనని చాలామంది పండితులు చెబుతారు. 17వ శతాబ్దం చివర్లో డచ్చివాళ్లు మన మలబారు తీరం నుంచి కాఫీ మొక్కలు ఇక్కడికి తీసుకెళ్లారు. ఆ కాఫీకి ఎంత పేరొచ్చిందంటే, అమెరికాలో కాఫీనే 'జావా' అనడం మొదలుపెట్టారు.

కాఫీ నుంచి కంప్యూటర్‌కి..

1991లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం కొత్త లాంగ్వేజ్ పని మొదలుపెట్టింది. ఆఫీసు బయట ఉన్న చెట్టును చూసి దానికి 'ఓక్' అని పేరు పెట్టారు. అది అప్పటికే వేరే కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో 1995లో 'జావా'గా మార్చారు. లోగోలో పొగలు కక్కే కప్పు అందుకే. 2010లో సన్‌ను కొనేయడంతో ఈ పేరు ఒరాకిల్ చేతికి వెళ్లింది.

జావాస్క్రిప్ట్ వేరు!

చాలామంది పొరబడేది ఇక్కడే. జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ తయారుచేశారు. మొదటి పేరు మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్. జావాకున్న క్రేజ్ చూసి ఆ పేరు కలిపారు. అంతకుమించి రెండూ ఒకటి కావు. జావాను ఎక్కువగా బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థల సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో, ఆండ్రాయిడ్ యాప్స్‌లో వాడతారు. బ్రౌజర్‌లో వెబ్ పేజీని కదిలించేది జావాస్క్రిప్ట్.

జావా బైక్ కూడా అదేనా?

కాదు. అది చెక్ కంపెనీ. యానేచెక్, వాండరర్ అనే రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు.

కాబట్టి కోర్సుకి ఫీజు కట్టేముందు బోర్డు మీద పేరు కాదు, సిలబస్ చూడండి. జావాస్క్రిప్ట్ మాత్రమే నేర్చుకుని రెజ్యూమెలో 'జావా' అని రాస్తే.. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.