బొమ్మల గడిలో చోటు

1956 ఫిబ్రవరి సంచికగా న్యూయార్క్ నుంచి ‘ఇన్‌క్రెడిబుల్ సైన్స్ ఫిక్షన్’ అనే కామిక్స్ పుస్తకం వెలువడింది. అందులో ‘జడ్జిమెంట్ డే’ అనే పాత కథను మళ్లీ వేశారు. 1953లో అదే సంస్థ, ఈసీ కామిక్స్, ప్రచురించిన కథే. రాసింది ఆల్ ఫెల్డ్‌స్టీన్, బొమ్మలు వేసింది జో ఓర్లాండో.

భూమి నుంచి ఒక వ్యోమగామి మరమనుషుల గ్రహానికి తనిఖీకి వెళ్తాడు. అక్కడ పెత్తనమంతా నారింజ రంగు వాళ్లది. నీలం రంగు వాళ్లు విడిగా, వెలిగా బతుకుతారు. లోపలి యంత్రం ఇద్దరిదీ ఒకటే, పైరేకు రంగే వేరు. మీ గ్రహానికి గెలాక్సీ గణతంత్రంలో చేరే అర్హత ఇంకా రాలేదని చెప్పి అతను తిరుగుప్రయాణం కడతాడు. అప్పటిదాకా అతని ముఖం మనకు కనిపించదు. ఆఖరి గడిలో హెల్మెట్ తీస్తాడు. నల్లజాతి మనిషి. ముఖం మీద చెమట బిందువులు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

ఆ బొమ్మకే అభ్యంతరం వచ్చింది. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ 1954లో పుస్తకం రాశాడు. అదే ఏడు సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రభుత్వం చేయి వేయకముందే ప్రచురణకర్తలు తమకు తామే ‘కామిక్స్ కోడ్’ పెట్టుకున్నారు. ఆ కోడ్ అమలు చూసే జడ్జి చార్లెస్ మర్ఫీ, వ్యోమగామి నల్లవాడు కాకూడదన్నాడు. తర్వాత, చెమట చుక్కలైనా తీసెయ్యమన్నాడు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ ససేమిరా అన్నాడు. సంగతి బయటపెడతానని బెదిరించి, కథను ఉన్నదున్నట్టు అచ్చువేశాడు. ఈసీ తెచ్చిన చివరి కామిక్ పుస్తకం అదే. ఆ తర్వాత గెయిన్స్ ‘మ్యాడ్’ పత్రికతో నిలదొక్కుకున్నాడు.

ఏ జాతినీ కించపరచరాదన్న నిబంధన ఆ కోడ్‌లోనే ఉంది! అవమానించే బొమ్మ వద్దని రాసుకున్నవాళ్లకు, నల్లవాడు గౌరవంగా నిలబడిన బొమ్మ కూడా మింగుడుపడలేదు. అదే శీతాకాలంలో అమెరికా దక్షిణాది నగరం మాంట్‌గోమరీలో నల్లజాతి జనం, బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా సిటీ బస్సులెక్కడం మానేసి, మైళ్లకు మైళ్లు నడిచి పనులకు పోతున్నారు. ఆనాటి అమెరికా మనసు నాకు కోర్టు తీర్పుల్లో కన్నా ఈ చెమట చుక్కల తగాదాలోనే తేటగా కనిపిస్తుంది.

పన్నెండేళ్లు గడిచాయి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. పదకొండో రోజున లాస్ ఏంజెలెస్‌లో హ్యారియెట్ గ్లిక్‌మన్ అనే టీచరమ్మ, ‘పీనట్స్’ కామిక్ స్ట్రిప్ సృష్టికర్త చార్లెస్ షుల్జ్‌కు ఉత్తరం రాసింది. అందులోని చార్లీ బ్రౌన్ నేస్తాల్లో ఒక నల్లజాతి పిల్లవాణ్ని చేర్చమని కోరింది. తనకూ ఆ ఆలోచన ఉందనీ, పైనుంచి దయ చూపినట్టు అవుతుందేమోనని భయమనీ షుల్జ్ జవాబిచ్చాడు. ఆమె వదల్లేదు. తన నల్లజాతి మిత్రుల చేత కూడా ఉత్తరాలు రాయించింది. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జూలై 31న బీచ్‌లో, చార్లీ బ్రౌన్ పోగొట్టుకున్న బంతిని తెచ్చిచ్చే పిల్లవాడిగా ఫ్రాంక్లిన్ వచ్చాడు. వాళ్ల నాన్న వియత్నాం యుద్ధంలో ఉన్నాడు. ఆ పిల్లవాడి రంగు గురించి స్ట్రిప్‌లో ఒక్క మాటా లేదు. తెల్లపిల్లలతో కలిసి బడిలో కూర్చున్నట్టు గీయొద్దని దక్షిణాది సంపాదకుడొకరు అభ్యంతరం చెప్పినా షుల్జ్ పట్టించుకోలేదు.

అయితే షుల్జ్ భయం ఆ పాత్రను పూర్తిగా వదల్లేదు. స్ట్రిప్‌లోని మిగతా పిల్లల్లో లూసీకి కోపం, లైనస్‌కు విడవలేని దుప్పటి, చార్లీ బ్రౌన్‌కు ఓటమి ఉన్నాయి. ఫ్రాంక్లిన్‌కు అలాంటి బలహీనత ఒక్కటీ ఇవ్వలేదు. వంక పెట్టలేని పిల్లవాడు పిల్లవాడిలా అనిపించడు. ఈ తప్పు చిన్నది కాదు. 1973 నాటి థ్యాంక్స్‌గివింగ్ పండుగ టీవీ కార్టూన్‌లో భోజనాల బల్లకు ఒక పక్కన ఫ్రాంక్లిన్ ఒక్కడే కూర్చుంటాడు. మిగతావాళ్లు వేరే పక్కల ఉంటారు. ఆ దృశ్యం చాలామందిని చాలా ఏళ్లు బాధపెట్టింది.

అతనికి ఇంటిపేరు కూడా 1990లలోనే వచ్చింది. నల్లజాతి కార్టూనిస్టు రాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను అడిగి, ఆయన ఇంటిపేరునే షుల్జ్ ఫ్రాంక్లిన్‌కు పెట్టాడు. ఆ ఆర్మ్‌స్ట్రాంగే సహరచయితగా 2024లో ‘వెల్‌కమ్ హోమ్, ఫ్రాంక్లిన్’ అనే చిత్రం వచ్చింది. అందులో బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఫ్రాంక్లిన్‌ను నేస్తాలు తమ వైపు రమ్మని పిలుస్తారు. ఆ పిలుపుకు 51 ఏళ్లు పట్టింది.