హెపటైటిస్ సి పరీక్ష (డయాలసిస్ రోగులకు)

డయాలసిస్ రోగుల్లో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్‌ను లక్షణాలు కనబడకముందే పట్టుకునే రక్తపరీక్ష. 1989లో గుర్తించిన ఈ వైరస్ రక్తం ద్వారా సోకుతుంది, టీకా లేదు. డయాలసిస్ కేంద్రంలో చికిత్స మొదలుపెట్టేటప్పుడు, ఆపై ఆరు నెలలకోసారి పరీక్షించాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. సోకిన తొలి వారాల్లో యాంటీబాడీలు కనబడవు. అందుకే వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కీలకం. ప్రతి రోగికీ చేతితొడుగులు మార్చడం, యంత్రాన్ని శుభ్రపరచడం వ్యాప్తిని ఆపుతాయి.

పరీక్ష ఫలితం రోగికి అర్థం కావడమూ ముఖ్యమే. తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లాలోని తిరుత్తణి 1960 దాకా తెలుగు ప్రాంతమైన చిత్తూరు జిల్లాది. అక్కడి తెలుగు రోగులకు ఫలితాన్ని తెలుగులోనే వివరించడం అవసరం. భారత్‌లో 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఉచిత పరీక్ష, మందులు అందిస్తుంది. సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది.