బొమ్మలగుట్ట మీద మూడు కందాలు

తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు కంద పద్యం లక్షణాలు వల్లె వేయించిన సంగతి మా బ్యాచ్‌లో ఎవరూ మరచిపోయి ఉండరు. ఆరో గణం నలమో జగణమో కాకపోతే ఆయన ఊరుకునేవారు కాదు. "కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అనేవారు. నన్నయకు ముందు కందం ఎవరు రాశారండీ అని వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు. "నన్నయే ఆదికవిరా, కూర్చో" అన్నారు. గోదావరి జిల్లాల పిల్లలకు అంతకన్నా కావలసిందేముంది? రాజమహేంద్రవరం మనది, రాజరాజ నరేంద్రుడు మనవాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు ముప్పై ఏళ్ల తరవాత దొరికింది. ఉద్యోగరీత్యా కరీంనగర్ బదిలీ అయినప్పుడు ఒక ఆదివారం గంగాధర మండలంలోని కురిక్యాల వెళ్లాను. ఊరి దగ్గర రాతి గుట్ట. దానిపైన బండకు చెక్కిన అమ్మవారు చక్రేశ్వరి, ఆదినాథుడి శాసనదేవత. పక్కల తీర్థంకరుల బొమ్మలు. ఊరివాళ్లకు ఆమె బొమ్మలమ్మ, గుట్ట బొమ్మలమ్మ గుట్ట. జైనం పోయినా మొక్కులు పోలేదన్నమాట. ఒకప్పుడు దీని పేరు వృషభగిరి, జైనుల తీర్థం.

బొమ్మల కింద సుమారు 945 నాటి శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి ఇతడు స్వయానా తమ్ముడు. పంపడు 941లో విక్రమార్జున విజయం రాసింది వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో. ఈ అన్నదమ్ముల తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. పూర్వులు వేంగి దేశంలో కమ్మనాడులోని వంగిపర్రు బ్రాహ్మణులు. భీమపయ్య కాలానికి జైనం పుచ్చుకున్నారు. అంటే కన్నడానికి ఆదికవినిచ్చిన కుటుంబం మన వేంగి వైపు నుంచి వెళ్లిందే. మనం పెద్దగా చెప్పుకోం గాని, ఇది చిన్న విషయం కాదు.

శాసనంలోని తెలుగు భాగం మూడు కంద పద్యాలు. తెలుగు పద్యం అంతకు ముందే శిలకెక్కింది. అద్దంకిలో పండరంగని తరువోజ 848 నాటిది. కందం మాత్రం మనకు మొదట కనిపించేది ఈ గుట్ట మీదే. నన్నయకు దాదాపు వందేళ్ల ముందు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారాల్లో ఇదీ ఒకటి.

కన్నడ కవి తమ్ముడికి తెలుగెందుకు? నాకు తోచింది చెబుతాను. సంస్కృతం పండితులకు, కన్నడం కొలువుకు. గుట్టెక్కి వచ్చే జనానికి తెలుగు. మొదటి పద్యంలో అతడు చెప్పుకున్నవి కూడా అందరికీ అందే పనులే. జినభవనాలు ఎత్తించడం, పూజలు చేయడం, మునులకు అన్నం పెట్టడం.

ఆ అన్నం మాట చదవగానే నాకు అత్తిలి గుర్తొచ్చింది. సరిగ్గా అదే కాలంలో వేంగిని ఏలిన తూర్పు చాళుక్యరాజు రెండో అమ్మరాజు, చామెకాంబ కోరగా, అత్తిలినాండులోని కలుచుంబర్రు గ్రామాన్ని జైన గురువు అర్హనందికి దానమిచ్చాడు. ఎందుకో తెలుసా? సర్వలోకాశ్రయ జినభవనంలోని భోజనశాల మరమ్మతుకు. అటు గుట్ట మీదా ఇటు మన డెల్టాలోనూ జైనులు ఆకలి గురించే ఆలోచించారు. భీమవరం పక్కన పెదఅమిరం జైన గుడికి నేటికీ యాత్రికులు వస్తున్నారు. అత్తిలి మీదుగా వందసార్లు రైల్లో వెళ్లి ఉంటాను, ఒక్కసారీ ఈ దానం సంగతి తెలియదు.

కరీంనగర్ జిల్లా గ్రానైట్‌కు పేరు. గుట్టలు దిమ్మెలై లారీలెక్కి పోవడం అక్కడ ఉన్నన్నాళ్లూ చూశాను. పద్యాలున్న గుట్టకూ పద్యాల్లేని గుట్టకూ రాయి ధర ఒకటే. అందుకే వెళ్లగలిగినవారు వెళ్లి చూసి రండి. జగిత్యాల దారిలోనే ఉంది.

ఆ రాత్రి శాసనపాఠం ముందు పెట్టుకుని, పెన్సిలుతో గురువులూ లఘువులూ గుర్తించాను. మొదటి పద్యం రెండో పాదంలో వేలు ఆగింది. ఆరో గణం జగణం. ప్రాస నకారం. మాస్టారికి ఉత్తరం రాద్దామంటే, అప్పటికే ఆయన లేరు.